జూలీ పాడలేకపోయిన పాట

పోయిన శనివారం మా చెల్లెలి మనవరాలు ఒక వీడియో పంపింది. వాళ్ళ పదో తరగతి వీడ్కోలు సభ. పాతిక మంది పిల్లలు వేదిక మీద నిలబడి ఇంగ్లీషు పాట పాడుతున్నారు, 'యూ విల్ నెవర్ వాక్ ఎలోన్'. మధ్యలో ఒకమ్మాయికి ఏడుపొచ్చి ఆగిపోయింది. పక్క పిల్ల అందుకుంది. శ్రుతి కాస్త జారింది. వీడియో కింద మా పిల్ల రాసింది: "లివర్‌పూల్ వాళ్ళ పాట అమ్మమ్మా, ఎలా పాడాం?"

నేను వెంటనే ఫోన్ చేశాను. బాగా పాడారని చెప్పడానికి కాదు, అది లివర్‌పూల్ పాట కాదని చెప్పడానికి.

ఈ పేజీ ప్రతి వారం చదివేవాళ్ళకు నా పట్టుదల తెలుసు. నాటకంలో పుట్టిన పాటను నాటకంతో కలిపే వినాలి. ఎవరు పాడుతున్నారు, ఎవరితో, అంతకుముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరగబోతోంది? ఇవన్నీ ఒలిచేశాక మిగిలేది వరస ఒక్కటే అని ఇక్కడే చాలాసార్లు రాశాను.

ఆ పాట 1945లో బ్రాడ్‌వే మీదికి వచ్చిన 'కరోసెల్' అనే సంగీత నాటకంలోది. వరస రిచర్డ్ రోజర్స్‌ది, మాటలు ఆస్కార్ హామర్‌స్టెయిన్‌వి. అమెరికా ఈశాన్య తీరంలో, మెయిన్ రాష్ట్రంలో ఒక ఊరు. రంగులరాట్నం దగ్గర కేకలేసి జనాన్ని పిలిచే బిల్లీ దొంగతనానికి వెళ్ళి, దొరికిపోతానన్న భయంతో తన కత్తి మీద తనే పడి చనిపోతాడు. అతని భార్య జూలీ కడుపుతో ఉంది. శవం పక్కన కూర్చుని ఆ పాట మాటలు పలకబోతుంది, గొంతు పూడుకుపోతుంది. అప్పుడు నెట్టీ అనే పెద్దావిడ అందుకుని చివరిదాకా పాడుతుంది. "అది చావు దగ్గరి పాట, వీడ్కోలు పాట కాదు" అన్నాను. "బాధగా ఉన్నప్పుడు పాడుకునేదే కదా అమ్మమ్మా?" అంది పిల్ల. నాకు కోపమొచ్చింది.

ఈ కోపం నాకు మా నాయనమ్మ నుంచి వచ్చింది. ఆవిడది తెనాలి వైపు. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో స్థానం నరసింహారావు గారి సత్యభామను కళ్ళారా చూసిన మనిషి. 'మీరజాలగలడా' పాట ఆయన రాసుకున్నదే. మగవాడు సత్యభామగా మారి, నడకలో, ఓరచూపులో, జడ విసురులో ఆ పొగరంతా చూపించడం కోసం రాసుకున్న పాట. హాల్లో జనం వన్స్ మోర్ అని అరిస్తే కథ ఆగేది, నారదుడు ఓ పక్కన నిలబడేవాడు, పాట మళ్ళీ మొదలయ్యేది. 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో జమున ఆ పాట అభినయించింది, సుశీల పాడింది. అక్కడి నుంచి పాట రేడియోలోకి, పెళ్ళిపందిళ్ళలోకి, పెళ్ళిచూపుల్లోకి వెళ్ళిపోయింది. ఏదైనా పాట పాడమ్మా అనగానే తలొంచుకుని ఆ పాటే ఎత్తుకున్న పెళ్ళికూతుళ్ళను నేనే ముగ్గురిని చూశాను.

నాయనమ్మకు సుశీల గొంతంటే ప్రాణం. జంతికలు వత్తుతూ సుశీల పాడినట్టే పాడేది. కానీ పాట అయిపోగానే మిగతా కథ మాకు చెప్పకుండా వదిలేది కాదు. మొగుడు నా మాట దాటడని పాడిన సత్యభామే అతన్ని నారదుడికి దానమిచ్చేస్తుంది. విడిపించుకోవడానికి తన నగలన్నీ తక్కెట్లో పోసినా తూగదు. రుక్మిణి వేసిన తులసి దళానికి తూగుతుంది. "పాట దగ్గరే లేచిపోతే సత్యభామ గెలిచిందనుకుంటారే. కూర్చోండి, తులసి దళం దాకా వినండి" అనేది. ఒక అహంకారపు పాట పెళ్ళిచూపుల పాట ఎలా అయిందంటే, తులసి దళాన్ని వెనక వదిలేసి రావడం వల్లే. నా పట్టుదలకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

'కరోసెల్' పాటకూ అదే జరిగిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. 1963లో జెర్రీ మార్స్‌డెన్ అనే లివర్‌పూల్ కుర్రాడు, తన గ్రూపు పేస్‌మేకర్స్‌తో కలిసి ఆ పాట రికార్డు చేశాడు. బీటిల్స్‌ను తీర్చిదిద్దిన జార్జ్ మార్టినే దానికీ నిర్మాత. నెట్టీ పాత్రకు ఒపెరా గొంతు కావాలి. జెర్రీది పక్కింటి కుర్రాడి గొంతు. ఆ గొంతుతో నిదానంగా, వెనక వయొలిన్లతో మెట్టు మెట్టుగా పైకెక్కే ఆ వరసను మామూలు మనిషికి అందేలా పాడాడు. పాటలో బిల్లీ పేరు లేదు, జూలీ పేరు లేదు, ఊరు లేదు. కాబట్టి పాట మారడానికి ఒక్క మాటైనా మార్చక్కర్లేకపోయింది. బ్రిటన్‌లో 4 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు ఆడే ఆన్‌ఫీల్డ్ మైదానంలో ఆటకు ముందు హిట్ రికార్డులు వేసేవారు, కాప్ స్టాండులో నిలబడ్డ జనం గొంతు కలిపేవారు. పాట హిట్ల జాబితాలోంచి దిగిపోయింది గానీ కాప్ దాన్ని వదల్లేదు.

ఇదంతా రాసి, నా వాదన బిగించుకుందామని ఆ రాత్రి 1956 నాటి 'కరోసెల్' సినిమా మళ్ళీ చూశాను. ఎప్పుడూ జూలీ ఏడుపు దగ్గరే నా మనసు ఆగిపోయేది, చివరి ఘట్టం తలలో మిగిలేది కాదు. తీరా చూస్తే అది స్కూలు వీడ్కోలు సభ. దొంగ కూతురని అందరూ దూరం పెట్టిన లూయీజ్ పిల్లల మధ్య ఒంటరిగా కూర్చుని ఉంటుంది. చనిపోయిన తండ్రి బిల్లీ ఒక్క రోజు సెలవు మీద వచ్చి, ఎవరికీ కనపడకుండా చూస్తుంటాడు. పిల్లలంతా అదే పాట ఎత్తుకుంటారు. పక్కనున్న అమ్మాయి లూయీజ్ భుజం మీద చెయ్యి వేస్తుంది.

నాయనమ్మ చెప్పినట్టు చివరిదాకా కూర్చోనిది నేనే.

హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానం గుర్తొచ్చింది. 1989 ఏప్రిల్ 15న అక్కడ కిక్కిరిసిన స్టాండులో జరిగిన ఆ ఘోరం 97 మంది లివర్‌పూల్ అభిమానులను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత వాళ్ళ సంస్మరణ సభల్లో పాడింది ఈ పాటే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏ మాట దగ్గర ఆగిపోయినా, పక్కవాళ్ళు అక్కడి నుంచి అందుకోవచ్చు. జూలీ ఆపిన చోట నెట్టీ చేసిన పని అదే. 'కరోసెల్' పేరు కూడా వినని మనుషుల దగ్గరికి ఆ ఘట్టం నడిచి వెళ్ళింది. సత్యభామ పాట తులసి దళాన్ని వెనక వదిలేసి వచ్చిందని ఇప్పటికీ అంటాను. ఈ పాట మాత్రం ఏదీ వదల్లేదు.

మా పిల్ల పంపిన వీడియో మళ్ళీ పెట్టుకున్నాను. ఆ అమ్మాయి ఆగిపోయింది, పక్క పిల్ల అందుకుంది. ఈసారి శ్రుతి సంగతి నాకు పట్టలేదు. పొద్దున్నే ఫోన్ చేసి ఆ ఇద్దరి పేర్లు అడిగాను. చెప్పి, "ఎందుకమ్మమ్మా?" అంది. కథ మళ్ళీ చెప్పాను, ఈసారి చివరి ఘట్టం నుంచి మొదలుపెట్టి.