రెండు వృక్షజాతులు, ఒకే చలి: స్థానిక అనుకూలన పరిశోధనపై విమర్శ

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లో విరివిగా పెరిగే లాడ్జ్‌పోల్ పైన్, ఇంటీరియర్ స్ప్రూస్ రెండూ శృంగాకార వృక్షాలే. అయినా వీటి వంశాలు వేరుపడి సుమారు 14 కోట్ల ఏళ్లయింది. ఈ రెండింటి జన్యువులను పోల్చి సామ్ యీమన్, సాలీ ఐట్‌కెన్ ప్రభృతులు 2016లో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన పరిశోధన, ఉష్ణోగ్రతతోనో చలిని తట్టుకొనే శక్తితోనో రెండు జాతుల్లోనూ ముడిపడిన 47 జన్యువులను గుర్తించింది. పునర్వనీకరణకు విత్తనం ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్నకు ఈ ఫలితం ఎంతవరకు సమాధానమవుతుందన్నది పరిశీలించదగిన విషయం.

ఆ ప్రశ్నకు మూలం చెట్టు జీవనక్రమంలోనే ఉంది. శీతల ప్రాంతపు విత్తనం నుంచి వచ్చిన మొక్క త్వరగా కొసమొగ్గ కట్టి చలికి సిద్ధమవుతుంది. వెచ్చని ప్రాంతపు మొక్క ఎక్కువకాలం ఎదుగుతూ శరత్కాలపు తొలి మంచుకు చిక్కుతుంది. ఎదుగుదలకు మొగ్గితే రక్షణ తగ్గుతుంది, రక్షణకు మొగ్గితే ఎదుగుదల కుంటుపడుతుంది. కనుకనే స్థానిక విత్తనమే శ్రేష్ఠమన్న నియమం చిరకాలం నిలిచింది. వాతావరణమే మారుతున్నప్పుడు ఆ నియమానికి ఆధారం సడలుతుంది.

రెండు జాతులను పోల్చడమే ఈ పరిశోధనకు బలం. ఒక్క జాతినే పరిశీలిస్తే, జన్యుభేదం వాతావరణం వల్ల కలిగిందో, హిమయుగానంతర వలసల వల్ల మిగిలిందో తేల్చడం కష్టం. దూరపు వంశాల్లో అవే జన్యువులు కనిపించినప్పుడు అది యాదృచ్ఛికమనే అవకాశం బాగా తగ్గుతుంది.

అయితే పరిమితులూ ఉన్నాయి. ఇంటీరియర్ స్ప్రూస్ అనేది వైట్ స్ప్రూస్, ఎంగెల్మన్ స్ప్రూస్, వాటి సంకరాల సముదాయం. ఎత్తును బట్టి సంకర నిష్పత్తీ మారుతుంది, చలీ మారుతుంది. అందువల్ల వంశప్రభావాన్ని వాతావరణ ప్రభావం నుంచి పూర్తిగా విడదీయలేము. పైగా జన్యువుకు, ఉష్ణోగ్రతకు సంబంధం కనిపించడం వేరు, చెట్టు అడవిలో దశాబ్దాలు బతకడం వేరు. రెండవదాన్ని చూపినవి క్షేత్రప్రయోగాలే. ఇల్లింగ్‌వర్త్ పేరుతో ప్రసిద్ధమైన ప్రయోగంలో 140 చోట్ల సేకరించిన లాడ్జ్‌పోల్ పైన్ విత్తనాల మొక్కలను 60 స్థలాల్లో 1974లో నాటారు. 2018లో బ్రిటిష్ కొలంబియా తన ప్రమాణాల్లో చేర్చిన వాతావరణాధారిత విత్తన ఎంపిక ప్రధానంగా ఇటువంటి అనుభవం మీదనే నిలిచింది. ఇదే పైన్‌పై 2020లో కాలిన్ మహోనీ బృందం చేసిన అధ్యయనం కూడా, జన్యుసమాచారం చాలావరకు వాతావరణ గణాంకాలు, మొలకల లక్షణాలు ముందే చెప్పినదాన్నే తిరిగి చెబుతోందని తేల్చింది.

దీన్నిబట్టి 47 జన్యువుల విలువ తగ్గదు, దాని స్థానం స్పష్టమవుతుంది. దీర్ఘకాలిక తోటలున్న జాతులకు జన్యుశాస్త్రం సాక్ష్యాన్ని బలపరుస్తుంది. అవి లేని జాతులకు, నలభై ఏళ్లు వేచి ఉండే వ్యవధి లేనప్పుడు, తొలి మార్గదర్శి కాగలదు. నేడు నాటే మొక్క మొలకగా ఇప్పటి మంచును తట్టుకోవాలి, వృక్షమై శతాబ్దాంతపు వేడిని భరించాలి. ఈ రెండింటిలో ఒక్కదాన్నే చూసే ఏ ఎంపికా అడవిని నిలబెట్టలేదు.