ఆవిష్కరణ వాక్యంలో కర్త ఎవరు?

వాక్యం నేర్పేటప్పుడు పిల్లల్ని మొదట అడిగే ప్రశ్న, ‘పని చేసింది ఎవరు?’ అని. ప్రభుత్వ విధానాలను కూడా ఇదే ప్రశ్నతో చదవాలి. ఆంధ్రప్రదేశ్‌కు 2024–29 కాలానికి ఆవిష్కరణలు, స్టార్టప్‌ల విధానం ఉంది. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. ‘ఇంటికో పారిశ్రామికవేత్త’ అన్నది నినాదం. మాట మంచిదే. ఆ ‘ఇల్లు’ లెక్కలో కొండ మీది ఇల్లు ఉందా, ఉంటే కర్తగా ఉందా, కర్మగా ఉందా అన్నదే మనం తేల్చుకోవాల్సింది.

ఈ హబ్‌ను బండి చక్రంలా ఊహించారు. ఇరుసు అమరావతి ప్రాంతంలో. ఆకులు విశాఖపట్నం, రాజమహేంద్రవరం, తిరుపతి వంటి ఐదు నగరాల్లో. ఐదూ మైదానంలోనే. రంపచోడవరం కుర్రాడికి దగ్గరిది రాజమహేంద్రవరం. మారేడుమిల్లి దాటి గుర్తేడు వైపు ఉన్నవాడికి ఆ దారి ఇంకా పొడుగు. దూరం ఒక్కటే సమస్య అయితే బస్సు వేస్తే తీరేది. నగరంలో కూర్చుని ‘సమస్య ఏమిటి?’ అని నిర్ణయించేవాళ్లు వేరు, ఆ సమస్యతో బతికేవాళ్లు వేరు కావడమే అసలు చిక్కు.

కొత్త సాంకేతికత మన దగ్గరికి రాలేదని కాదు. ఏ రూపంలో వచ్చిందో చూడండి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని కొండవాలులో ఆ నిబంధన ఎంత బరువో మట్టి తవ్వేవాళ్లకు తెలుసు. ఇక్కడ యాప్ చూస్తుంది, కూలీ కనబడతాడు. యాప్ కర్త, మనిషి కర్మ. మనల్ని లెక్కించే సాంకేతికత ముందు వచ్చింది. మన సరుకుకు విలువ పెంచేది వెనక పడింది.

వెనక పడినా, అది సాధ్యమేనని మన అడవే చూపించింది. తపసి బంకనే తీసుకోండి. గొడ్డలితో చెట్టును లోతుగా నరికితే బంక వస్తుంది గానీ చెట్టు చచ్చిపోతుంది, బంకలో బెరడు, మట్టి కలుస్తాయి. పదునైన చిన్న పనిముట్టుతో, కొలత ప్రకారం గాటు పెట్టి, గాయం మానేదాకా ఆగడం నేర్పిన చోట చెట్టు బతికింది, బంక శుభ్రంగా వచ్చింది, ధర పెరిగింది. మందుల్లో, ఆహార పదార్థాల్లో వాడే ఈ బంక విదేశాలకు పోతుంది. ఇది ఆవిష్కరణ కాదా? ‘పెద్దలకు అన్నీ తెలుసు’ అని మురిసిపోతే గొడ్డలి దెబ్బ ఆగేది కాదు. ‘గిరిజనులకు ఏమీ తెలియదు’ అనుకున్నా ఆగేది కాదు, ఏ చెట్టు ఎప్పుడు కారుతుందో చెప్పగలిగేది వాళ్లే కదా.

జీలుగు సంగతీ అంతే. నీరా ఎండకు త్వరగా పులిసిపోతుంది. చల్లగా ఉంచడమో, వెంటనే కాచి బెల్లం చేయడమో జరగాలి. మన పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం ఇలాంటి నీరా, బెల్లం మీద పని చేసింది. సైన్సు మన వాకిట్లోనే ఉందన్నమాట. కావలసింది ఊరి దగ్గర పొయ్యి, శీతల పెట్టె, పరీక్ష, ప్యాకింగు, వాటి మీద ఊరి పెత్తనం.

పెత్తనం అని ఊరికే అనడం లేదు. 1879 రంప తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం కల్లు మీద పన్ను, గీత హక్కు కాంట్రాక్టర్ల చేతికి పోవడం. చెట్టు మనదే, ఎక్కేదీ మనమే, లాభం మాత్రం కింద ఉన్నవాడిది. కాంట్రాక్టరు స్థానంలో కంపెనీ వచ్చినంత మాత్రాన ఆ వాక్యం మారదు.

మార్చడానికి చట్టం ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006 సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి మేధో సంపత్తి హక్కును గుర్తించింది. పట్టాల గురించి మనం గట్టిగానే అడిగాం. ఈ హక్కును మాత్రం పెద్దగా అడగలేదు. పేరుకూ విలువ ఉంటుందని అరకు రుజువు చేసింది. 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ పండును పండుగానే అమ్మే రైతుకు ఒక ధర, తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి అమ్మే రైతుకు మరో ధర. పేరు ఊరిది అయితే చాలదు, పని మెట్లు కూడా ఊళ్లోనే ఉండాలి.

అందుకే ఏ కొత్త పథకం వచ్చినా, రాయితీ ఎంత అని అడిగే ముందు నాలుగు ప్రశ్నలు వేయాలి. సమస్యను ఎవరు చెప్పారు? గ్రామసభ ముందు పెట్టారా? సరుకు మీద ఎన్ని మెట్ల పని ఊళ్లో జరుగుతుంది? నేర్చుకున్న విద్య, దాని మీద హక్కు చివరికి ఎవరి పేరున ఉంటాయి?

ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో నీరా ఎందుకు పులుస్తుందో సైన్సు పాఠంగా, చింతపండు ధర సంత నుంచి దుకాణం దాకా ఎలా పెరుగుతుందో లెక్కగా చెప్పవచ్చు. యువకులు యాప్ వాడటంతో ఆగకుండా తయారు చేయడం నేర్చుకోవాలి. కోయలో, కొండరెడ్ల మాటలో ధరలు చెప్పే ఒక చిన్న యాప్ అయినా చాలు. పోటీలో నిలబడటం అంటే మనం చవగ్గా దొరకడం కాదు. మన వాక్యంలో మనమే కర్త కావడం.