వినే పెట్టె, మాట్లాడే పెట్టె

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు పాత మిద్దెల్లో అటక మీద వాల్వు రేడియో ఇంకా దొరుకుతుంది. మర్ఫీ, బుష్, ఫిలిప్స్, హెచ్.ఎం.వి. ఏదైనా కావచ్చు. మూడు భాషల పొలిమేర ఇది. డయల్ మీద ముల్లు 612 కిలోహెర్ట్జ్ దగ్గర బెంగుళూరును, 720 దగ్గర మద్రాసును, 1963 నుంచి కడపను కూడా పట్టేది. షార్ట్‌వేవ్‌కు తిప్పితే సిలోను. ఆ రోజుల్లో రేడియో ఉన్న ఇల్లు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టేది.

దాని పక్కన నేను పెట్టి చూస్తున్నది అమెరికా ఇళ్లలో బల్లల మీద వెలిగిన సిటిజన్స్ బ్యాండ్ (సీబీ) బేస్ స్టేషన్. 1958లో అక్కడి ప్రభుత్వం 27 మెగాహెర్ట్జ్ దగ్గర 23 ఛానెళ్లను మామూలు జనానికి ఇచ్చింది. 1977 జనవరి నుంచి అవి 40 అయ్యాయి. లారీ డ్రైవర్ల రేడియోగానే దానికి పేరొచ్చింది కానీ, ఇంటి సెట్లలో గొప్ప పనితనం ఉంది. బ్రౌనింగ్ కంపెనీ గోల్డెన్ ఈగిల్‌లో వినే పెట్టె వేరు, మాట్లాడే పెట్టె వేరు, రెండింటి నిండా వాల్వులే. మొగిలి ఘాట్ ఎక్కే లారీల్లో ఆ సంస్కృతి ఎన్నడూ వేళ్లూనలేదు. అయినా పాత రేడియోల మీద ప్రాణం పెట్టేవాళ్లకు ఈ రెండూ ఒకే బల్ల మీదికి వచ్చే వస్తువులే.

బాగుచేయడం వరకు రెండింటికీ తేడా లేదు. మొదట చచ్చేవి కండెన్సర్లు. మైనం పూసిన కాగితం కండెన్సరు యాభై అరవై ఏళ్లకు చెమ్మ పీల్చుకుని లీకవుతుంది. ఇంటి రేడియోలో ఒక్కదాన్ని దగ్గరగా చూడండి. ఈఎల్84 అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు వచ్చే కప్లింగ్ కండెన్సరది. గ్రిడ్ దగ్గర మీటరు పెడితే సున్నా చూపాలి. రెండు మూడు వోల్టులు పాజిటివ్ చూపిందంటే వెనకున్న ఎక్కువ వోల్టేజీ (హెచ్‌టీ) కారుతోందన్నమాట. వాల్వు మోయలేనంత కరెంటు లాగుతుంది, ప్లేటు నిప్పుకణికలా ఎర్రబడుతుంది, కాసేపు అలాగే వదిలేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోతుంది. చిన్న కండెన్సరును ముందే మార్చి ఉంటే ఆ రెండూ బతికేవి. అందుకే అటక మీంచి దించిన రేడియోను దుమ్ము తుడిచి నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. సిరీస్‌లో మామూలు ఫిలమెంటు బల్బు కట్టి చూడాలి. బల్బు పూర్తిగా వెలిగిందంటే లోపల షార్టుంది, వెంటనే ఆపేయాలి. ఏసీ/డీసీ రకం సెట్లలో చాసిస్‌కే కరెంటు ఉంటుంది. పై నాబ్ ఊడితే తగిలే లోహం కూడా ప్రమాదమే. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా వాటిని విప్పనే కూడదు.

బేస్ స్టేషన్‌కు మన గడ్డ మీద ఇంకో గండం ఉంది. అది 60 హెర్ట్జ్ కరెంటుకు పుట్టింది. మన 230 వోల్టులను 120కి దించినంత మాత్రాన సరిపోదు. 50 హెర్ట్జ్ మీద దాని ట్రాన్స్‌ఫార్మరు మరింత వేడెక్కుతుంది. 110 దాకా, వీలైతే ఇంకాస్త కిందికి దించి నడపడం మంచిది.

‘మెరుగుపరచడం’ దగ్గరకు వస్తే దారులు చీలిపోతాయి. ఇంటి రేడియోకు ఇప్పుడు జరిగే మెరుగు ఏమిటంటే, చాసిస్ పీకి పాత సామాను కింద అమ్మేసి, ఖాళీ చెక్క పెట్టెలో బ్లూటూత్ బోర్డు బిగించడం. అది నాకు నచ్చదు. డయల్ ఉంటుంది, ముల్లు తిరగదు. పెట్టె ఉంటుంది, రేడియో ఉండదు. అయితే ఆ నష్టం ఆ ఇంటి గుమ్మం దాటదు. పక్కింటివాడి చెవికి ఏమీ కాదు.

మాట్లాడే పెట్టె, అంటే బేస్ స్టేషన్, అలాంటిది కాదు. దాని లోపల మనం కదిపిన ప్రతి తీగ ఆకాశంలోకి వెళుతుంది. గొంతు గట్టిగా వినిపించాలని మాడ్యులేషన్ లిమిటరును కత్తిరించేవాళ్లున్నారు. దానివల్ల మాట పగిలి పక్క ఛానెళ్ల మీద పడుతుంది. బయట లీనియర్ యాంప్లిఫయరు తగిలించేవాళ్లున్నారు. అది రెట్టింపు ఫ్రీక్వెన్సీ మీద కూడా చిందుతుంది. 27కు రెట్టింపు 54. అమెరికాలో రెండో నంబరు టీవీ ఛానెల్ సరిగ్గా అక్కడే మొదలయ్యేది. అక్కడ ఇరుగుపొరుగుల మధ్య తగాదాలు ఊరికే రాలేదు.

మూడో రకం మెరుగు, 23 ఛానెళ్ల సెట్టును 40కి పెంచడం, పైకి అమాయకంగా కనిపిస్తుంది. మన దేశంలో అదే అన్నిటికన్నా తప్పు. 2005లో కేంద్రం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కర్లేదంది. ఏరియల్ నుంచి వెళ్లే శక్తి 5 వాట్లు దాటకూడదని షరతు పెట్టింది. పాత అమెరికా సెట్టు ఒకటో ఛానెల్ 26.965, ఇరవై మూడోది 27.255. రెండూ మన హద్దుల్లోనే ఉన్నాయి. ఇరవై ఎనిమిదో ఛానెల్ 27.285, అక్కడి నుంచి పైవన్నీ హద్దు దాటినవే. ఏ.ఎం.లో ఆ సెట్టు పంపేది సుమారు 4 వాట్లు. అదీ సరిపోతుంది. గురిపెట్టే ఏరియల్ కట్టి బలం రెట్టింపు చేస్తే ఆ నాలుగే ఎనిమిదవుతాయి. సైడ్‌బ్యాండ్ ఉన్న సెట్టు ఆ పద్ధతిలో 5 వాట్లు దాటగలదు కాబట్టి ఏ.ఎం.తోనే తృప్తిపడాలి.

అంటే పాతదనమే ఇక్కడ ఆ సెట్టుకు యోగ్యత. పుట్టినట్టు ఉంచితే మన నియమాల బ్యాండులో ఒదుగుతుంది, పెంచితే బయటపడుతుంది. ఈ మాట నేను ఇంటి రేడియో గురించి ఇంత గట్టిగా అనలేను.

మార్పులన్నీ చెడ్డవని కాదు. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్లలో (ఏసీ/డీసీ రకంలో కాదు) రెండు తీగల కార్డు తీసి ఎర్త్ ఉన్న మూడు తీగలది వేయడం, ఫ్యూజు పెట్టడం, మెయిన్స్ నుంచి చాసిస్‌కు కట్టిన పాత కండెన్సరును తీసేయడం తప్పనిసరి. ట్యూనింగ్ చేసేటప్పుడు ఏరియల్ బదులు 50 ఓముల డమ్మీ లోడు తగిలిస్తే మన ప్రయోగం ఎవరి చెవిలోనూ పడదు. ఇంకా ముందుకు వెళ్లాలనే ఉబలాటం ఉంటే దానికీ గౌరవమైన దారి ఉంది. 28 నుంచి 29.7 మెగాహెర్ట్జ్ హ్యామ్‌లది, అంటే లైసెన్సున్న అమెచ్యూర్ రేడియోవాళ్లది. క్రిస్టళ్లు మార్చి పాత సీబీ సెట్లను అక్కడికి తరలించడం హ్యామ్‌లకు కొత్తేమీ కాదు. హైదరాబాదులో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పనిచేసేది ఈ హ్యామ్ రంగంలోనే. ముందు పరీక్ష రాసి కాల్‌సైన్ తెచ్చుకోండి, ఆ తర్వాతే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయండి.