గాలి దించి చూసే మేస్త్రి
గుణదల చుట్టుపక్కల పెద్ద టైర్ల మోజున్న వాళ్లంతా చివరికి తేలేది ఆటోనగర్‌లోనే. డెల్టా నల్లమట్టి బురదకి ఆ మోజు మరీ వృథా ఏం కాదు లెండి. 265/65 తీసి 265/70 వేస్తే చక్రం వ్యాసం 26 మిల్లీమీటర్లు పెరుగుతుంది, బండి లేచేది అందులో సగమే. ఎయిర్ సస్పెన్షన్ బండిని ఎత్తులో నిలబెడితే ఏ టైరైనా పట్టినట్టే కనిపిస్తుంది. మంచి మేస్త్రి ఆ మాయలో పడడు. గాలి పూర్తిగా దించేసి, బండి కుదురుకున్నాక, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పించి, టైరుకీ మడ్‌గార్డు లైనింగుకీ మధ్య వేలు దూర్చి చూస్తాడు. దూరకపోతే బేరం పోయినా సరే, వద్దనేస్తాడు. జాకీ పెట్టే ముందు జాక్ మోడ్ నొక్కుతాడు, లేకపోతే కంప్యూటరు మధ్యలో తనే గాలి సర్దబోతుంది. 17 అంగుళాల రిమ్ముకైతే, మీటరు 100 చూపిస్తే పాత లెక్క మీద 103 అనుకోమని చెప్పి తాళాలిస్తాడు.