పొగలొచ్చేట్టు తిప్పినా కదక్కా!

మంగళవారం పొద్దున పక్కింటామె పిల్లోణ్ణి భుజానేసుకొని వచ్చింది. రాత్రన్నంతో చేసిన చిత్రాన్నం తిన్న రెండు గంటలకే వాంతులు. ఆటో మాట్లాడి ఇద్దరం ఆస్పత్రికి తీసుకుపోయినాం. సాయంత్రానికి తేరుకున్నాడు. పంపించేటప్పుడు మాత్రం "రాత్రన్నం పెట్టొద్దు, పారేయండి" అని గట్టిగా చెప్పినారు. తిరిగొచ్చే దారంతా ఆమెది ఒకటే మాట: "పొగలొచ్చేట్టు తిప్పినా కదక్కా!"

నాకు ఆ "పారేయండి" అన్న మాట మీద కోపమొచ్చింది. సద్ది మీద నాకున్న పట్టు, ఫ్రిజ్జుల మీద నాకున్న చిరాకు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. సద్ది తాగి చేనికి పోయిన ఊళ్లో అన్నం పారేయమంటారా అని మనసులో సగం రాసేసుకున్నా. కాగితం ముందు కూచుంటే మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వకు వరన్నం పండగ కూడు. మా ఆలూరు చుట్టుపక్కల వాన మీద బతికే చేలు జొన్న, కొర్ర ఇచ్చేవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినాకే మా ఇంట్లో రోజూ అన్నం ఉడికింది. అంతవరకు రొట్టె, సంగటి. మిగిలిన జొన్నరొట్టెను అవ్వ సన్నసెగ మీద మళ్లీ కాల్చి, పెళపెళమన్నాక గంపలో ఆరబెట్టేది. తడి పూర్తిగా పోయేది కాబట్టి రోజుల తరబడి బూజు పట్టేది కాదు. ఇరిచి మజ్జిగలో నానేసుకొని తినేవాళ్లం. మిగిలిన సంగటి కుండలోకి పోయేది. దాంట్లో నీళ్లు, నిన్నటి పులిసిన కలినీళ్లు ఒక గంటెడు. పొద్దునకు పుల్లగా ఊరేది. ఉప్పు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ ఉంటే చాలు. పండగ నాటి అన్నం మిగిలినా దాని దారీ ఆ కుండలోకే. ఇక ఉగ్గానికి వాడే బొరుగులు చూడండి. డబ్బాలో పొడిగా ఉన్నన్నాళ్లు వాటికేమీ కాదు. నీళ్లలో తడిపితే మాత్రం వెంటనే తాలింపేసి తినేయాల్సిందే.

అవ్వ దగ్గర రెండు దారులుండేవి: ఎండబెట్టడం, పులియబెట్టడం. ఆ రెండూ కాని తడికూడు రాత్రంతా మూత కింద ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

అట్లా ఉంచింది నేను. ముప్పై ఏళ్లుగా కుక్కర్లో మిగిలిన అన్నాన్ని స్టౌ మీదే వదిలేసి, పొద్దున నిమ్మకాయ పిండి చిత్రాన్నం చేస్తూ, ఇది అవ్వ పద్ధతేనని నమ్మినా.

మట్టిలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బియ్యంతో పాటు ఇంటికొస్తుంది. దాని సిద్ధబీజాలు ఎసరు మరిగినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలకెత్తి, పెరిగి, విషం వదుల్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెడిపోదు. మన బాణలి దాన్నేం చేస్తుంది? వాసనలో, రుచిలో కూడా తెలియకపోవచ్చు. 1971లో లండన్‌లో చైనా హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు జబ్బుపడినారు. అక్కడ రాత్రి వండిన అన్నాన్ని, ఫ్రిజ్జులో పెడితే ముద్దకడుతుందని బయటే ఉంచి, తర్వాత వేయించేవాళ్లు. అది చదువుతుంటే నా వంటిల్లే కళ్ల ముందు కనిపించింది.

పులుపు ఆ సూక్ష్మజీవికి పడదు. అయితే వట్టి నీళ్లు పోస్తే పులుపు ఎక్కడానికి టైం పడుతుంది. పాత కలి తోడెయ్యడంలో అవ్వ ఉపాయం అదేనని ఇప్పుడు అర్థమైంది. అంతమాత్రాన నీళ్లు పోసిన ప్రతి కుండా భద్రమని నేను చెప్పను.

అవ్వకు అందని మూడో దారి చల్లబెట్టడం. ఇన్నేళ్లు నేను తిట్టిన ఫ్రిజ్జు పని అదే. మిగిలిన అన్నాన్ని కుప్పగా ఉంచితే నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి ఆరబెట్టాలి. గంటలోపల మూతడబ్బాలో వేసి, 5 డిగ్రీల లోపు ఉండే ఫ్రిజ్జులో పెట్టాలి. మరుసటి రోజే తినేయాలి. లోపలిదాకా పొగలొచ్చేట్టు ఒక్కసారే వేడి చేయాలి. రాత్రంతా బయటే ఉండిపోయిన అన్నానికి, గంటల తరబడి కరెంటు పోయి ఫ్రిజ్జులో వెచ్చబడిన అన్నానికి ఆస్పత్రిలో చెప్పిన మాటే సరైనది. అన్నం పారేయడానికి నాకు చెయ్యి రాదు. అందుకే ఇకమీద గిన్నెతో కొలిచే వండుతా.

నిన్న రాత్రి పక్కింటామెను పిలిచి ఇదంతా చెప్పినా. "అయితే నా తప్పేనా అక్కా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను ముప్పై ఏళ్లు చేసిందే నువ్వూ చేసినావు. నీకు చిత్రాన్నం నేర్పింది నేనే కదా" అన్నా. తర్వాత ఇద్దరం మిగిలిన అన్నాన్ని పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద పెట్టి, ఆరేదాకా అక్కడే కూచున్నాం.