ఆటగాడు – ఆటకత్తె: ఈ-స్పోర్ట్స్ జట్లలో స్త్రీల ప్రవేశం పట్ల వైఖరులు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెర మీద ఆడే వృత్తిక్రీడలను నేడు ఈ-స్పోర్ట్స్ అని వ్యవహరిస్తున్నారు. శరీరబలంతో పెద్దగా నిమిత్తం లేని ఈ క్రీడల్లోనూ వృత్తిజట్లలో స్త్రీలు అరుదుగానే కనిపిస్తారు. దీనికి కారణమైన వైఖరులను తెలుగు భాషలోని ఆటపదాలు, కథాసంప్రదాయం, సినిమా, తెలుగు చదరంగ క్రీడాకారుల అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. స్త్రీ ఆడటానికి తెలుగు సమాజం ఎన్నడూ అడ్డు చెప్పలేదనీ, ఆమె పందెం వైపు కూర్చుని గెలవడానికి వచ్చినప్పుడే అభ్యంతరం పుట్టిందనీ, ఆ అభ్యంతరం జట్టు నిర్మాణ నియమాల్లోనే బలపడటమో బలహీనపడటమో జరుగుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఈ-స్పోర్ట్స్, స్త్రీ, జట్టు, ఆటకత్తె, నాయకురాలు నాగమ్మ, చదరంగం, కోనేరు హంపి.

1. ఉపోద్ఘాతం:

2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు ప్రదర్శన క్రీడగా చోటు దక్కింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అది పతకాల పోటీగా మారింది. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడోత్సవాల్లో భాగంగా గుర్తించింది. 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వాటినుంచి వేరుచేసి క్రీడగా అంగీకరించింది. 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించిన తెలంగాణకు ఈ విభజన ముఖ్యమైనది. జూదానికీ క్రీడకూ మధ్య చట్టం గీసిన గీత ఇంటి గడప దగ్గర ఇంకా స్పష్టపడలేదు. ఫోనులో ఆడే ఏ ఆటైనా వ్యసనమేనన్న భావన తల్లిదండ్రుల్లో బలంగా ఉంది. ఆడేది కూతురైతే ఆ భావనకు మరికొన్ని శంకలు తోడవుతాయి.

స్త్రీలను క్రీడలకు దూరంగా ఉంచడానికి పూర్వం చెప్పిన ప్రధానకారణం శరీరం. పరుగు, కుస్తీ, బరువులెత్తడం ఆడవారి శరీరానికి తగవన్నారు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యపతకం సాధించిన శ్రీకాకుళం జిల్లా వనిత కరణం మల్లేశ్వరి ఆ వాదానికి సమాధానం చెప్పింది. ఈ-స్పోర్ట్స్‌లో ఆ వాదానికి ఆధారమే లేదు. ఇక్కడ కావలసినవి చూపు, చేతివేగం, వ్యూహం, తోటివారితో సమన్వయం. అయినా అభ్యంతరం మిగిలే ఉందంటే, దాని మూలం శరీరంలో లేదని అర్థం. ఆ మూలాన్ని వెతకడానికి భాష మంచి ఆధారం.

2. పదంలో దాగిన వైఖరి:

తెలుగులో 'ఆడు' ధాతువుకు క్రీడించడం, నర్తించడం అనే రెండర్థాలూ ఉన్నాయి. 'ఆటకాడు' అన్న పదానికి పూర్వం నటుడు, నర్తకుడు అన్న అర్థాలూ ఉండేవి. కాలక్రమంలో అది 'ఆటగాడు'గా క్రీడారంగంలో స్థిరపడింది. నేడు ఆ మాట వింటే మైదానం గుర్తుకు వస్తుంది, రంగస్థలం గుర్తుకు రాదు. దీనికి స్త్రీవాచకమైన 'ఆటకత్తె'కు ఈ అర్థపరిణామం దక్కలేదు. 'ఆటవెలది' సంగతీ అంతే. నిఘంటువుల్లో ఈ రెండు పదాలకూ నాట్యమాడే స్త్రీ అన్న అర్థమే నిలిచింది. ఆటవెలది ఛందస్సులో పద్యం పేరుగా గౌరవం పొందింది కాని, మనిషికి చెప్పినప్పుడు దానికి వేశ్యార్థం అంటుకునే ఉంది.

అందువల్ల స్త్రీ క్రీడాకారులను గురించి రాయవలసి వచ్చినప్పుడు పత్రికలు 'క్రీడాకారిణి' అన్న సంస్కృతపదాన్ని ఆశ్రయించాయి. అచ్చతెలుగులో గెలవడానికి ఆడే స్త్రీకి గౌరవప్రదమైన పదం స్థిరపడలేదు. పురుషుడి ఆట ప్రదర్శన నుంచి పోటీకి మారగా, స్త్రీ ఆట ప్రదర్శన దగ్గరే ఆగిందని ఈ రెండు పదాల చరిత్ర సూచిస్తుంది. ఈ-స్పోర్ట్స్‌లో నేడు కనిపించే పరిస్థితిని అర్థం చేసుకోవడానికి ఈ భేదం చాలా ఉపకరిస్తుంది.

3. పందెంలో స్త్రీ – కథాసంప్రదాయం:

మహాభారతం సభాపర్వంలోని ద్యూతఘట్టంలో ద్రౌపది ఆటలో ఉంది, కాని ఆడలేదు. ఆమె పణం. తనను ఒడ్డిన ధర్మరాజు అప్పటికే తన్ను తాను ఓడిపోయాడా లేదా అని ఆమె అడిగిన ప్రశ్న నిజానికి ఆట నియమాన్ని గురించిన ప్రశ్న. ఆ సభలో నియమాన్ని అందరికంటే నిశితంగా చదివినది ఆటలో చోటు లేని వ్యక్తే. సభ సూటిగా సమాధానం చెప్పలేకపోయింది.

పల్నాటి కథలో స్త్రీ పందెం వైపు కూర్చుంది. గురజాల నలగామరాజుకు మంత్రిణిగా ఉన్న నాయకురాలు నాగమ్మకూ, మాచర్ల పక్షాన నిలిచిన బ్రహ్మనాయుడికీ మధ్య కోడిపందెం జరిగింది. ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ వైరం కారంపూడి యుద్ధం దాకా సాగింది. పందేనికి ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. రాజ్యాన్ని ఒడ్డినది ఒక్క నాగమ్మే కాదు. అయినా జనం నోట ఆ గెలుపు మోసంగానే మిగిలింది, పల్నాటి వినాశానికి ఆమె కారకురాలైంది. ఆమె రాజనీతిని ధర్మాధర్మదృష్టితో విమర్శించవచ్చు. అయితే అదే పందెంలో పాల్గొన్న పురుషుడికి దక్కిన ఉదాత్తత ఆమెకు ఎందుకు దక్కలేదన్నది విమర్శకులు విడవకూడని ప్రశ్న.

గెలిచిన స్త్రీ మోసం చేసి ఉంటుందన్న ఈ శంక పల్నాటికే పరిమితం కాదు. 2016లో దక్షిణ కొరియాలో 'ఓవర్‌వాచ్' ఆటలో 'గెగురి' అనే పేరుతో ఆడిన పదిహేడేళ్ల అమ్మాయి ఆటతీరును చూసి, ప్రత్యర్థి జట్టులోని వృత్తి ఆటగాళ్లు ఆమె గురి కుదిరేలా అక్రమ సాఫ్ట్‌వేర్ వాడుతోందని ఆరోపించారు. ఆట తయారుచేసిన సంస్థ ఆమె నిర్దోషి అని తేల్చింది. అంతటితో సరిపోలేదు. కెమెరాల ముందు, చేతుల కదలిక అందరికీ కనిపించేలా ఆడి ఆమె తన నైపుణ్యాన్ని రుజువు చేసుకోవలసి వచ్చింది. 2018లో షాంఘై డ్రాగన్స్ జట్టు ఆమెను తీసుకోవడంతో ఓవర్‌వాచ్ లీగ్‌లో తొలి మహిళ అయింది. అంతకుముందు ఆమెను ఇతర జట్లు ఎందుకు తీసుకోలేదన్న చర్చలో భాష తెలియకపోవడంతోపాటు, స్త్రీపురుషులు ఒకే నివాసంలో ఉండవలసి రావడం ఇబ్బంది అన్న కారణం వినిపించింది. ప్రతిభను గురించి మొదలైన చర్చ చివరికి పడకగది దగ్గర ఆగింది. ఆడపిల్లను దూరపు హాస్టలుకు పంపడానికి తటపటాయించే తెలుగు కుటుంబానికి ఈ కారణం కొత్తగా తోచదు.

4. చూడదగిన ఆట – గెలవదగిన ఆట:

తెలంగాణలో బతుకమ్మను 'ఆడుతారు'. మెదక్ జిల్లాలోని శంకరంపేట వంటి మండలకేంద్రంలో ఆ తొమ్మిది రోజులూ స్త్రీలు వాకిట్లో, వీధికూడలిలో, చెరువుగట్టున చీకటి పడ్డాక కూడా ఆడుతారు. ఎవరూ ఆక్షేపించరు. 2014లో దానిని రాష్ట్రపండుగగా ప్రకటించారు. ఓమనగుంటలు, అచ్చనగండ్లు, పచ్చీసు ఆటల్లోనూ స్త్రీలకు చిరకాల పరిచయం ఉంది. గుంటల్లో గింజలు లెక్కించి ఎత్తు వేయడం గణితజ్ఞానమే, ఎదుటివారి పావును అడ్డుకోవడం వ్యూహమే. కాబట్టి స్త్రీకి ఆట తెలియదనడానికీ, బహిరంగస్థలంలో ఆడటం సంప్రదాయవిరుద్ధమనడానికీ ఆస్కారం లేదు. బతుకమ్మలో గెలుపోటములు లేవు. ఓమనగుంటల్లో గెలుపు ఉన్నా అది నట్టింటి గెలుపు. బహిరంగస్థలం, గెలుపు అనే రెండూ ఒకచోట కలిసినప్పుడే అభ్యంతరం మొదలవుతుంది.

ఈ-స్పోర్ట్స్ రంగంలో ఈ విభజన కొత్తరూపంలో కొనసాగుతోంది. ఆడుతూ ప్రేక్షకులతో మాట్లాడే స్ట్రీమింగ్‌లో స్త్రీలకు ఆదరణ ఉంది. మధ్యప్రదేశ్‌కు చెందిన పాయల్ ధారే వంటివారు అందులో దేశమంతటా పేరు పొందారు. ఆ విజయం చిన్నది కాదు. అయితే ఆ ఆదరణ ఎక్కువగా చూడదగిన ఆటకు దక్కేది. జీతం ఇచ్చి, శిక్షకుణ్ణి పెట్టి, టోర్నమెంటుకు పంపే జట్టులో ఆ అమ్మాయికి చోటు ఉందా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడే ఆటకత్తె, ఆటగాడు అన్న పాత భేదం తిరిగి కనిపిస్తుంది.

జట్టుగా ఆడే ఆటల్లో మైకులో మాట్లాడుకోవడం తప్పనిసరి. గొంతు వినగానే ఎదురయ్యే వెటకారాన్ని తప్పించుకోవడానికి ఎందరో స్త్రీలు మైకు మూసి, పేరు మార్చి ఆడుతారు. మాట లేనివాళ్లు జట్టును నడిపించలేరు. 'నడిపించే లక్షణం అమ్మాయిల్లో లేదు' అన్న తీర్పు ఆ మౌనాన్నే సాక్ష్యంగా తీసుకుంటుంది. వేధింపు పుట్టించిన ఫలితాన్నే ఆ వాదం స్వభావంగా చూపుతోంది.

5. అనుమతి – దాని షరతులు:

తెలుగు సినిమా స్త్రీ క్రీడాకారులను ఎలా అంగీకరించిందో చూడటానికి 'కౌసల్య కృష్ణమూర్తి' (2019) తగిన ఉదాహరణ. తమిళ 'కనా' (2018)కు ఇది పునర్నిర్మాణం. దర్శకుడు భీమనేని శ్రీనివాసరావు. ఐశ్వర్యా రాజేశ్ కూతురిగా, రాజేంద్రప్రసాద్ రైతైన తండ్రిగా నటించారు. ఊళ్లో అబ్బాయిలతో క్రికెట్ ఆడే అమ్మాయి దేశం జట్టుకు ఎదగడం ఇతివృత్తం. ఊరి నోటిని ఎదిరించి కూతురి పక్షాన నిలిచే తండ్రిని చూపడం ఈ చిత్రం సాధించిన మేలు. అయితే ఆమె ఆశయానికి బీజం తండ్రి కన్నీరు. దేశం ఓడినప్పుడు తండ్రి పడిన బాధను తీర్చడానికి ఆమె ఆడుతుంది. ఆటలో ఆమెకు కలిగే ఆనందం, గెలవాలన్న ఆమె సొంత పంతం తండ్రి దుఃఖం ముందు వెనుకబడతాయి. కూతురి ఆట తండ్రికీ దేశానికీ సేవగా మారితేనే ప్రేక్షకులు ఆమోదిస్తారన్న అంచనా కథనంలో పనిచేసింది.

ఈ-స్పోర్ట్స్ ఆడదలచిన అమ్మాయికి ఆ షరతు తీర్చే దారి ఇంకా ఏర్పడలేదు. ఆమె చేతిలో ఉన్నది బ్యాటు కాదు, ఇంటిల్లిపాదీ అనుమానించే ఫోను. దేశంకోసం అన్న మాట ఇంకా ఆ ఆటకు గట్టిగా అంటుకోలేదు. సేవగా చెప్పుకోలేని గెలుపును కూడా స్త్రీకి హక్కుగా అంగీకరించగలమా అన్న ప్రశ్నను ఈ రంగం సూటిగా ముందుకు తెస్తోంది.

6. జట్టు నియమం – రెండు పోటీలు:

చదరంగం ఇటీవల ఈ-స్పోర్ట్స్ పరిధిలోకి వచ్చింది. దానిలో తెలుగువారి పాత్ర గణనీయం కాబట్టి రెండు పోటీలను పక్కపక్కన ఉంచి చూడవచ్చు.

కరోనా కాలంలో, 2020 జులై, ఆగస్టు నెలల్లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఆన్‌లైన్ ఒలింపియాడ్ నిర్వహించింది. అందరూ తమ ఇళ్లనుంచే తెర మీద ఆడారు. జట్టుకు ఆరు బోర్డులు: ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు, ఒక బాలుడు, ఒక బాలిక. ఏ బోర్డు మీద వచ్చిన పాయింటైనా విలువ ఒక్కటే. భారత జట్టులో కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. సెమీఫైనల్లో పోలండ్‌తో మొదటి రౌండు ఓడి, రెండో రౌండు గెలిచిన భారత్‌కు చివరి నిర్ణాయక ఆట మిగిలింది. ఆ ఆటలో హంపి పోలండ్ క్రీడాకారిణి మోనికా సోచ్కోను ఓడించి దేశాన్ని ఫైనలుకు చేర్చింది. ఫైనల్లో అంతర్జాల సంబంధం తెగిపోయి భారత క్రీడాకారులు నష్టపోగా, సమాఖ్య భారత్, రష్యాలను సంయుక్త విజేతలుగా ప్రకటించింది. ఆ రోజుల్లో విశ్వనాథన్ ఆనంద్ ఉన్న జట్టు భవితవ్యం హంపి చేతిలో ఉంది. దానిని ఎవరూ వింతగా చూడలేదు. ఆమె అక్కడ ఉండటం నియమం.

2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో తొలిసారి చదరంగాన్ని చేర్చారు. వృత్తి ఈ-స్పోర్ట్స్ సంస్థలు చదరంగ క్రీడాకారులను తమ జట్లలోకి తీసుకున్నాయి. వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేశి అక్కడ నాలుగో స్థానంలో నిలవడం తెలుగువారికి గర్వకారణం. తుదిదశలో పోటీపడిన 16 మందిలో ఒక్క స్త్రీ కూడా లేదు. స్త్రీలను ఎవరూ నిషేధించలేదు. ద్వారం తెరిచే ఉంది. ఆ ద్వారం దాకా వచ్చే దారి మాత్రం అందరికీ సమానంగా లేదు.

దీనిపై రెండు అభిప్రాయాలున్నాయి. అర్హత ఒక్కటే కొలమానం కావాలనీ, స్త్రీలకు కేటాయించిన బోర్డులు వారిని తక్కువ చేస్తాయనీ ఒక వాదం. ఆ వాదాన్ని తేలికగా కొట్టివేయకూడదు. హంపి 2002లో పదిహేనేళ్ల వయసులో సాధించిన గ్రాండ్‌మాస్టర్ హోదా పురుషులకున్న ప్రమాణాలతోనే వచ్చింది. తల్లి అయిన తరువాత 2019లోనూ, 2024లోనూ ఆమె ప్రపంచ మహిళా ర్యాపిడ్ విజేతగా నిలిచింది. అయితే ఆమెకు చిన్ననాటినుంచి తండ్రి కోనేరు అశోక్ శిక్షణ దొరికింది. అటువంటి ఆసరా లేని అమ్మాయికి ప్రతిభ బయటపడే అవకాశం ఎలా వస్తుందన్న ప్రశ్నకు 'అర్హత' వాదం సమాధానం చెప్పదు. స్త్రీలకు ప్రత్యేకంగా నడిచే పోటీలు, 2021లో 'వాలరెంట్' ఆటకు మొదలైన 'గేమ్ ఛేంజర్స్' వంటివి, ఆ ప్రశ్నకు ఒక సమాధానం. వాటిలో గెలిచినవారిని ప్రధానజట్లు పిలవకపోతే మాత్రం ఆ పోటీలు పెరటి ఆటగానే మిగిలిపోతాయి. 2020 నియమం చూపినది మూడో మార్గం: ఒకే జట్టు, ఒకే గెలుపు, అందులో స్త్రీకి వాటా.

7. ముగింపు:

వృత్తి ఈ-స్పోర్ట్స్ జట్లలో స్త్రీల ప్రవేశానికి అడ్డుగా ఉన్న వైఖరి కొత్త సాంకేతికత తెచ్చినది కాదు. గెలిచే స్త్రీకి భాషలో పదం స్థిరపడకపోవడం, గెలిచిన నాగమ్మ మోసగత్తెగా మిగలడం, కూతురి గెలుపును తండ్రి కన్నీటితో సమర్థించవలసి రావడం – ఇవన్నీ ఒకే వైఖరికి భిన్నరూపాలు. వైఖరి మారిన తరువాత నియమం మార్చుదామని వేచి ఉండటం కంటే, నియమం మార్చి వైఖరికి అలవాటు చేయడం సాధ్యమేనని 2020 ఒలింపియాడ్ నిరూపించింది. కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో ఈ-స్పోర్ట్స్ పోటీలు నిర్వహించే సందర్భం వస్తే, జట్టులో విద్యార్థినుల స్థానాలను మొదటే నిర్ణయించడం, సాధనకు పగటివేళ, కళాశాల ప్రయోగశాలలోనే చోటు కల్పించడం ఆచరణసాధ్యమైన పనులు. అప్పుడు శంకరంపేట నుంచి వచ్చిన విద్యార్థినికి ఇంట్లో ఫోను కోసం, ఊళ్లో చోటు కోసం, జట్టులో గొంతు కోసం వేర్వేరుగా పోరాడవలసిన అవసరం తగ్గుతుంది. ఆమెను ఏ పేరుతో పిలవాలన్నది భాషావేత్తలు తరువాత తేల్చవచ్చు. 'ఆటగాడు' అర్థం మార్చుకున్నట్టే 'ఆటకత్తె' కూడా మార్చుకోగలదు. ఆ మార్పు నిఘంటువులో మొదలు కాదు, జట్టు జాబితాలో మొదలవుతుంది.