శ్వాసముద్ర – 86 శాతం అనే అంకె: ఒక విమర్శ

ముదిరిన మధుమేహంలో ఊపిరి మగ్గిన పండు వాసన వేయడం, మూత్రపిండాలు చెడినప్పుడు అమోనియా వాసన రావడం వైద్యులకు ఏనాటినుంచో తెలిసిన సంగతులే. 1971లో లైనస్ పాలింగ్ బృందం గ్యాస్ క్రొమటోగ్రఫీ సాయంతో మానవ శ్వాసలో సుమారు 250 పదార్థాల ఉనికిని చూపడంతో ఈ అనుభవానికి రసాయనిక పునాది ఏర్పడింది. ఆ పదార్థాల పొందికను యంత్రాభ్యసనంతో చదివి రోగాన్ని గుర్తించవచ్చునన్న వాదానికి నేడు తరచుగా చూపే ఆధారం, హోసామ్ హైక్ బృందం ‘ఏసీఎస్ నానో’లో ప్రకటించిన అధ్యయనం (2017). 1404 మంది, 17 వ్యాధులు, 86 శాతం కచ్చితత్వం – ఇవి దానికి ప్రసిద్ధి తెచ్చిన అంకెలు.

వీటిని విడదీసి చూడవలసి ఉంది. 1404 మందిలో రోగులు 813 మంది. ఒక్కో వ్యాధికి సగటున 48 మందికి మించరు. పైగా 86 శాతమన్నది వర్గాలను రెండేసి చొప్పున పోల్చగా వచ్చిన సగటు. ఆ 17 వ్యాధుల్లో గర్భిణులకు వచ్చే ప్రీ-ఎక్లాంప్సియా ఉంది, పురుషులకే వచ్చే ప్రొస్టేట్ క్యాన్సర్ కూడా ఉంది. ఆ రెండింటినీ వేరుచేయడానికి శ్వాసతో పనేముంది? వైద్యుని ముందుండే ప్రశ్న జంటలది కాదు: వచ్చిన మనిషికి అసలు వ్యాధి ఉందా, ఉంటే అనేక వ్యాధుల్లో అది ఏది? అయితే ఒక సుగుణాన్ని గుర్తించాలి. ఈ బృందం సెన్సర్ల తీర్పుతోనే తృప్తిపడక, 13 సమ్మేళనాలను విడిగా గుర్తించి, వాటి పాళ్ళ కలయికలోనే భేదం ఉందని చూపింది.

కచ్చితత్వం ఎక్కువైనా చిక్కు తీరదు. 2022 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక కోవిడ్ శ్వాస పరీక్షకు అత్యవసర అనుమతినిచ్చింది. 2,409 మందిపై జరిపిన పరిశీలనలో దాని సున్నితత్వం 91.2 శాతం, నిర్దిష్టత 99.3 శాతం. పదివేలమందిలో 420 మందికి సోకి ఉంటే, ఇది 383 మందిని పట్టుకుంటుంది. ఆరోగ్యవంతుల్లో 67 మందిని పొరపాటున రోగులంటుంది. సోకినవారు 50 మందే అయితే సుమారు 46 మందిని పట్టి, 70 మంది ఆరోగ్యవంతులను భయపెడుతుంది. యంత్రం అదే, ఫలితానికి అర్థమే మారింది. పాజిటివ్ వచ్చినవారికి మాలిక్యులర్ పరీక్షతో నిర్ధారణ అవసరమని ఎఫ్‌డీఏ చెప్పడం అందుకే సబబు.

అసలు లోపం మరింత లోతున ఉంది. హెలికోబాక్టర్ పైలోరీని పట్టే యూరియా శ్వాస పరీక్షలో రోగి కార్బన్-13 గుర్తున్న యూరియాను మింగుతాడు. బాక్టీరియా ఎంజైము దాన్ని విడగొడితే ఆ గుర్తు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో బయటపడుతుంది. ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో తెలిసిన సంకేతమది. ‘శ్వాసముద్ర’కు అలాంటి పుట్టుక తెలియదు. కట్టెల పొయ్యి పొగ, బీడీ, ముందురోజు వేసుకున్న మాత్ర, వార్డులోని క్రిమిసంహారకం – అన్నీ అదే ఊపిరిలో కలుస్తాయి. రోగులను ఒక ఆసుపత్రిలో, ఆరోగ్యవంతులను మరోచోట పరీక్షిస్తే, యంత్రం వ్యాధికి బదులు ఆసుపత్రి గాలిని నేర్చుకునే అవకాశం ఉంది. శాతం మాత్రం అప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది.